గడ్డల బల్ల మీద బ్యాండు మాస్టరు

అంగడి రోజంటే మా దవాఖానలో గడ్డల రోజు. మెదక్ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ధాన్యమో మేకపిల్లనో అమ్ముకోవడానికి వచ్చి, పనిలో పనిగా ఒంటి మీది సెగగడ్డ కూడా కోయించుకుని పోయేవారు. ఒట్టి గడ్డ కోసం బండి కట్టుకుని వచ్చే తీరిక ఎవరికుంది? అందుకని గడ్డలు కోసి కట్లు కట్టే మా డ్రెస్సర్ వరండాలో పొడుగాటి బల్ల ఒకటి వేయించి అందరినీ దాని మీద వరసగా కూర్చోబెట్టేవాడు. పిరుదు మీద గడ్డ లేచినవాడు మాత్రం పాపం పక్కనే నిలబడేవాడు.

నర్సింగు చదువుతున్న ఇప్పటి పిల్లలు ఇది విని ముక్కున వేలేసుకుంటారు. వేసుకోండి, ఏం పరవాలేదు. మీకు ఒకసారి వాడి పారేసే సూదులున్నాయి. మాకు కిరసనాయిలు స్టవ్వు, దాని మీద గిన్నె, అందులో కుతకుత ఉడికే గాజు సిరంజీలు ఉండేవి. తెల్లారి లేచి ఆ స్టవ్వుకు గాలి కొట్టడంతోనే నా డ్యూటీ మొదలయ్యేది. ఆ కిరసనాయిలు వాసన ఇప్పుడెక్కడైనా తగిలితే నాకు ఇంట్లో ఉన్నట్టే ఉండదు, వార్డులో ఉన్నట్టుంటుంది.

ఆంధ్రా తెలంగాణా కలిసి ఇంకా పదేళ్లు కాని రోజులు. నేను పెద్ద చర్చి పక్క వాడలో పుట్టి పెరిగిన దాన్ని, స్టాఫ్ నర్సుని. దవాఖాన పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. చెబితే వాళ్ల మనవలూ మనవరాళ్లూ నా గడప తొక్కి మరీ కొట్లాడగలరు. మా డాక్టరుగారు గుంటూరు వైపు నుంచి వచ్చిన కుర్ర మనిషి. మా జనం బాధలు చెప్పుకుంటుంటే ఆయన నా మొహం వంక చూసేవారు, నేను ఆయన భాషలోకి మార్చి చెప్పేదాన్ని. డ్రెస్సర్ పాత నిజాం కాలపు మనిషి, మీసాలు చెవుల దాకా ఉండేవి. తన హస్తవాసి మీద ఆయనకు చెప్పలేనంత నమ్మకం. నెత్తురు చూస్తే కళ్లు తిరిగే నన్ను తిట్టి, బుజ్జగించి, చాయ్ తాగించి నర్సుని చేసింది ఆయనే అంటే అబద్ధం కాదు.

ఒక అంగడి రోజు ఆ బల్ల మీద మా బ్యాండు మాస్టరు వచ్చి కూర్చున్నాడు. మెదక్‌లో ఆయన్ను ఎరగనివాళ్లు లేరు. పెళ్లికైనా, క్రిస్మస్ ఊరేగింపుకైనా ఆయన క్లారినెట్ ఉండాల్సిందే. తూప్రాన్ నుంచి నిజాంపేట దాకా బయానా ఇచ్చి పిలుచుకునేవాళ్లు. ఎర్ర కోటు వేసుకుని ముందు నడుస్తూ ఊదుతుంటే, పెళ్లికొడుకును వదిలేసి జనం ఆయన్నే చూసేవారు. నా పెళ్లిలోనూ ఆయనే వాయించాడు. మా ఆయన ఆ సంగతి తలుచుకుని ఇప్పటికీ ఉడుక్కుంటాడు.

"ఏమైంది మాస్టర్?" అన్నాను.

"ఊది ఊది గాలి గడ్డ గట్టిందమ్మా రొమ్ముల. మా అవ్వ పట్టీ వేసింది గని తగ్గుతలేదు," అన్నాడు. గొంతు బొంగురుగా, గాలి పోయినట్టుగా వచ్చింది. జలుబనుకున్నాను.

బ్యాండు వాళ్లందరికీ అదే నమ్మకం. ఊదేవాడికి బయటికి పోని గాలి లోపల ఎక్కడో ఒకచోట గడ్డ కడుతుందని, దాన్ని పసుపూ వేపాకూ నూరి మెత్తబరిచి కోయిస్తే గాలి బయటికి పోతుందని అనుకునేవాళ్లు. మా వైపు అవ్వ అంటే అమ్మే. మాస్టరు తల్లి అలాగే చేసి, గడ్డను బాగా పండబెట్టి మా దగ్గరికి పంపింది. రొమ్ము ఎముకకు కుడి పక్కన పెద్ద నిమ్మకాయంత ఉబ్బు. పైన చర్మం పలచబడి నున్నగా మెరుస్తోంది. ఎవరు చూసినా కోతకు వచ్చిన గడ్డే అంటారు.

డ్రెస్సర్ కత్తిని దీపం మంట మీద కాల్చి తెచ్చాడు. కోసే ముందు గడ్డ పండిందో లేదో వేలితో ఒత్తి చూడడం ఆయన అలవాటు. వేలు పెట్టాడు, నిప్పు తగిలినట్టు వెనక్కి తీశాడు.

"సిస్టరమ్మా, జర ఇటు రాండ్రి. గిది కొట్టుకుంటున్నది!"

"ఏంది కొట్టుకునేది?"

"గడ్డనే. గుండె లెక్క కొట్టుకుంటున్నది!"

మాస్టరు నవ్వాడు. "మా బ్యాండుల డోలు ఒక్కటే ఉండె. ఇగ నా రొమ్ముల ఇంకొకటి మోగుతున్నది."

నేను పరుగెత్తుకెళ్లి డాక్టరుగారిని పిలుచుకొచ్చాను. ఆయన ఆ ఉబ్బు మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకున్నారు. తర్వాత స్టెతస్కోపు పెట్టి విన్నారు. మణికట్టు పట్టుకుని చూశారు. ఆయన మొహంలో రంగు మారడం నాకు తెలుస్తూనే ఉంది. డ్రెస్సర్ వైపు తిరిగి, నెమ్మదిగా, "ఆ కత్తి అవతల పెట్టేయవయ్యా," అన్నారు.

లోపలికి వెళ్లాక మా ఇద్దరికీ చెప్పారు. అది గడ్డ కాదు. గుండె నుంచి ఒళ్లంతటికీ నెత్తురు మోసే పెద్ద నాళం, దాని గోడ దెబ్బతిని, పలచబడిన సైకిలు ట్యూబు బుడగ కట్టినట్టు ఉబ్బి, పక్కటెముకలను అరగదీసుకుని చర్మం కిందికి వచ్చింది. గొంతు నరం కూడా నలిగిపోవడం వల్లనే ఆ బొంగురు. "కత్తి పెట్టి ఉంటే, మనం అరిచేలోపల ప్రాణం పోయేది," అన్నారు. డ్రెస్సర్ గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. నీళ్లు తాగించాను. ఆ రోజు ఆయన ఇంకే గడ్డా కోయలేదు. ఆ తర్వాత ప్రతి గడ్డ మీదా ముందు అరచేయి ఆనించి కాసేపు కళ్లు మూసుకునేవాడు, పిరుదు మీది గడ్డయినా సరే.

"ఇది ఎందుకొస్తది సార్?" అని అడిగాను.

"సిఫిలిస్, సిస్టర్. సవాయి రోగం. ఎప్పుడో వయసులో తగులుకుని ఉంటుంది. పైకి పుండు మానిపోతుంది, మనిషి మరిచిపోతాడు. లోపలది మాత్రం మరిచిపోదు. ఇరవై ఏళ్ల తర్వాత ఎక్కడో కొద్దిమందిలో ఇలా గుండె దాకా వస్తుంది. నేను కాలేజీలో గాజు సీసాలో చూశానంతే, బతికున్న మనిషిలో ఇదే చూడటం." ఆయన గొంతులో ఒక ఉత్సాహం ఉంది. అది ఆయనకే వినపడినట్టుంది, తల దించుకున్నారు.

మాస్టరును వార్డులో చేర్చుకుని, నెత్తురు తీసి పరీక్షకు హైదరాబాద్ పంపాం. పంపడమంటే, గాజు గొట్టాన్ని ఐసు ముక్కలతో ఫ్లాస్కులో పెట్టి బస్సు డ్రైవరు చేతికివ్వడం. తూప్రాన్‌లో చాయ్‌కి బస్సు ఆగినప్పుడు ఎవరో పెద్దమనిషి అది చాయ్ ఫ్లాస్కు అనుకుని మూత తీసి కేక పెట్టాడని ఆ డ్రైవరు చాలాకాలం చెప్పుకుని నవ్వేవాడు. ఫలితం మేం అనుకున్నట్టే వచ్చింది.

డాక్టరుగారు తెర అడ్డం లాగి, ఈ రోగం ఎక్కడ తగులుకుందని మాస్టరును అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

"నిజాం జమానల ఫౌజు బ్యాండుల ఉంటి సార్. చిన్న వయసు, పట్నం. ఇంకేం జెప్పాలె సిస్టరమ్మ ముంగట?" అన్నాడు మాస్టరు. మళ్లీ తనే, "నాకేమైనా కానీయుండ్రి. మా ఇంటామెకు మాత్రం జెప్పకుండ్రి. మీ కాళ్లు మొక్కుత," అన్నాడు. డాక్టరుగారు చెప్పనని మాటిచ్చారు.

పెన్సిలిన్ ఇస్తే రోగం ఆగుతుంది గానీ ఉబ్బిన నాళం మళ్లీ మామూలు కాదు. ఆపరేషన్ సంగతి అడిగితే పట్నంలో, అంటే హైదరాబాద్ పెద్ద దవాఖానలోనూ, తల అడ్డంగా ఊపారు. ఇక క్లారినెట్ ముట్టుకోకూడదన్నారు డాక్టరుగారు. మాస్టరు దానికి ఏడ్చినంతగా రోగానికి ఏడవలేదు.

భర్తకు ఉంటే భార్యకూ చూడాలి కదా. ఆమె మా వాడలోనే బట్టలు కుట్టేది. బ్యాండు వాళ్ల ఎర్ర కోట్లు, వాటి మీది జరీ అంచులు అన్నీ ఆమె చేతివే. నాకంటే నాలుగేళ్లు చిన్నది, నన్ను అక్కా అనేది. మెత్తని మనిషి, మాట్లాడితే తల వంచుకునే మాట్లాడేది. ఎందుకో వాడంతటికీ తెలుసు. నాలుగు కాన్పులు, ఒక్క పిల్లా దక్కలేదు. రెండేమో నెలలు నిండక ముందే పోయాయి, ఒకటి చచ్చి పుట్టింది, ఒకటి ఒళ్లంతా తోలు ఊడిపోతూ పుట్టి కొద్దిరోజులుండి పోయింది. అత్త ఆమెను నోటికి వచ్చినట్టు తిట్టేది. ఎవరింట పసిబిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టెల పేరంటమైనా ఈమెను పిలవరు, పిలిచినా తొట్టె ముట్టనివ్వరు. పసిబిడ్డ ఎదురైతే తనంతట తనే పక్కకు తప్పుకునేది.

నెత్తురు తీసి పంపితే ఆమెకూ ఉందని తేలింది. డాక్టరుగారు ఆమె కాన్పుల సంగతులు ఒక్కొక్కటే అడిగి, ఆమె వెళ్లిపోయాక రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నారు. "ఆ పిల్లలందరూ ఇందువల్లే సిస్టర్. సూదులు అప్పుడే పడి ఉంటే బతికేవాళ్లేమో," అన్నారు. ఇరవై ఏళ్లుగా ఆమె తిన్న తిట్లన్నీ నా చెవుల్లో మోగాయి.

ఇచ్చిన మాట కోసం డాక్టరుగారు ఆమెకు బలం సూదులని చెప్పి పెన్సిలిన్ మొదలుపెట్టించారు. తల్లి వచ్చి అడిగితే మాస్టరు ఏం చెప్పాలో తెలియక, పిల్లలు నిలవడానికి ఇస్తున్నారన్నాడట. ముసలమ్మ నోట పడితే ఇంకేముంది? వారం తిరక్కుండా గడ్డల బల్ల పక్కన ఆడవాళ్ల వరస మొదలైంది. "కడుపు నిలిచే సూది గదా, మాకు గూడ వేయుండ్రి," అని. ఒకావిడ మనోహరాబాద్ నుంచి వచ్చింది. ఒకావిడ కూతురి బదులు తాను వేయించుకుంటానంది. డ్రెస్సర్ మీసాలు దువ్వుకుంటూ, "గడ్డలోళ్లు గిటు, బిడ్డలోళ్లు గటు," అని వరసలు సర్దేవాడు. డాక్టరుగారు తలుపేసుకుని కూర్చునేవారు. ఆ వారమంతా మేం నవ్వలేక చచ్చాం.

ఒక రోజు ఆమె సూది వేయించుకుని చీర సర్దుకుంటూ నెమ్మదిగా అడిగింది. "అక్కా, గీ సూదులతోని నాల ఉన్న లోపం పోతదంటవా?"

ఆమె సంచిలోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టింది. బ్యాండు కోట్లు కుట్టగా మిగిలిన ఎర్ర గుడ్డతో పసిపిల్లాడి చొక్కా. మెడ చుట్టూ సన్నని జరీ అంచు కూడా వేసింది. "ఎవ్వరికి జెప్పకు. ఆశ గంతే," అంది. అప్పటిదాకా వచ్చిన నవ్వంతా నాకు ఎటు పోయిందో తెలియదు.

తిన్నగా డాక్టరుగారి గదిలోకి వెళ్లాను.

"సార్, ఆమెకు నిజం జెప్పాలె."

"మాటిచ్చాను సిస్టర్. రోగి రహస్యం అది."

"ఆమె గూడ రోగే గద సార్. తనకే లోపమున్నదని మనం సూదులేసి మరీ నమ్మిస్తున్నం."

ఆయనకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది. చివరకు ఆయనే, "నేను మాట తప్పలేను. కానీ అతన్నే చెప్పమని మీరు అడిగితే నేను కాదనను," అన్నారు. ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

మాస్టరు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఎర్ర చొక్కా సంగతి చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగాడు.

"నేను పోయినంక నువ్వే జెప్పు సిస్టరమ్మా."

"నువ్వు పోయినంక ఎరుకైతే ఆమె ఎవరిని అడుగుతది మాస్టర్? ఎవరి మీద కోపం జేస్తది? నీ బొంద మీదనా? బతికున్నప్పుడే తిట్టించుకో."

నేను గట్టిగానే మాట్లాడాను, ఇప్పుడైనా అంతే మాట్లాడతాను.

కొన్ని రోజులకు ముసలమ్మ తన చిన్నకొడుకు బిడ్డను ఎత్తుకుని పెద్దకొడుకుకు చూపించడానికి వార్డుకు వచ్చింది. నేను పక్క మంచం దగ్గర జ్వరం చూస్తున్నాను. కోడలు మాస్టరుకు జావ తాగిస్తోంది.

"జర అవుతల జరుగే, పసిగుడ్డు మీద నీ నీడ పడుతది," అంది అత్త. కోడలు గిన్నె పట్టుకుని లేచి తలుపు దాకా జరిగింది.

మాస్టరు తల్లి చేయి పట్టుకున్నాడు. ఆ బొంగురు గొంతుతో వీలైనంత గట్టిగా, "అవ్వా, దాన్ని ఏమనకు. తప్పు నాది. ఫౌజుల ఉన్నప్పుడు నాకు సవాయి తగిలింది. నా నుంచి దానికొచ్చింది. గా పిల్లలు గందుకే పోయిండ్రు. దానిల ఏ లోపం లేదు," అన్నాడు.

ముసలమ్మ ముందు చుట్టూ చూసింది. "ఊకో కొడుకా, ఎవరన్న ఇంటరు," అంది.

తలుపు దగ్గర నుంచి కోడలు అడిగింది. "నీకెన్నడెరుక?"

"డాక్టర్ సాబ్ జెప్పినంక."

"గంతకు ముందు?"

మాస్టరు కళ్లు దించుకున్నాడు. "పుండయింది ఎరుకనే. మానింది గదా అనుకున్న."

ఆమె గిన్నె కింద పెట్టి వరండాలోకి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లాను. గడ్డల బల్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"అక్కా, నిజమేనా?"

"నిజమే చెల్లె."

"నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకనే."

నన్ను ఒక చూపు చూసింది. ఆ చూపుకు నేను అర్హురాలినే. తర్వాత అంది. "నాకెరుకైతే ఏం ఫాయిదా అక్కా? వాడ మొత్తానికి నేను గట్లనే ఉంటి. రేపు ఈయన పోతే మొగుణ్ని గూడ మింగిందంటరు. అత్త నోరు ఇప్పదు. నేను జెప్తే ఎవరు నమ్ముతరు?"

వాడ సంగతి నాకు తెలుసు, నేను ఆ వాడలోనే పుట్టాను.

కొన్నాళ్లు ఆమె మాస్టరుతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టి, ఇక ఆపలేదు. జావ తాగిస్తూ తిట్టేది, పక్క సర్దుతూ తిట్టేది. ఒక్కొక్క కాన్పూ తలుచుకుని తిట్టేది. తలెత్తి ఆమె మాట్లాడగా నేను చూడటం అదే మొదలు. మాస్టరు వింటూ కళ్ల నీళ్లు తుడుచుకునేవాడు. ఒకనాడు నాతో, "ఇప్పుడు జర పాణం తేలికగున్నది సిస్టరమ్మా," అన్నాడు. తన సూదులు మాత్రం ఆమె ఒక్కటీ మానలేదు. సూది వేస్తుంటే నాతోనూ మాట్లాడేది, కాస్త ముభావంగా.

ఒక ఉదయం మాస్టరు మొహం కడిగించడానికి ఆమె నీళ్లు తేబోయినప్పుడు ఆయన ప్రాణం పోయింది. లోపల ఎక్కడో ఆ ఉబ్బు పగిలింది. బాధ పడే సమయం కూడా లేకపోయిందని డాక్టరుగారు చెప్పారు. డ్రెస్సర్ దుప్పటి కప్పాడు.

మధ్యాహ్నం నేనూ, డాక్టరుగారూ వాళ్లింటికి వెళ్లాం. వాకిట్లో శవం. బ్యాండు వాళ్లు ఎర్ర కోట్లు వేసుకుని వాయిద్యాలు కింద పెట్టి నిలబడ్డారు. వాడ వాడంతా వచ్చింది. ఆమె గోడ వారగా ఒక్కతే కూర్చుని ఉంది, ఆడవాళ్లు ఆమెకు కొంచెం దూరంగా ఉన్నారు. ఎవరో గుసగుసగా, "పిల్లలు దక్కలే, మొగుడు దక్కలే," అనడం నా చెవిన పడింది. నాకు ఒళ్లు మండింది. నోరు విప్పబోయాను. డాక్టరుగారు వద్దన్నట్టు నా వైపు చూశారు.

మా వైపు చావింట్లో తల్లి శోకం తీస్తుంటే ఎవరూ అడ్డుపడకూడదు. కన్నకడుపు ఏమన్నా అనవచ్చు. చర్చివాళ్లమైనా ఈ అలవాటు మమ్మల్ని వదల్లేదు. పాస్టరయ్యలకు అది నచ్చేది కాదు గానీ, వాళ్లూ శోకం అయ్యేదాకా ఆగేవారు. పాస్టరయ్య పాటల పుస్తకం తెరిచి పాట ఎత్తుకోబోతుండగా ముసలమ్మ కొడుకు రొమ్ము మీద చేయి వేసి శోకం మొదలుపెట్టింది. ముందు అందరు తల్లులూ అనే మాటలే. బ్యాండు ముందు నడిచే కొడుకా, ఎర్రకోటు కొడుకా అని. తర్వాత గొంతు పెద్దదైంది.

"పట్నం బోయి రోగం దెస్తివి కొడుకా... తెచ్చి నా కోడలి కడుపుల వోస్తివి కొడుకా... నా నలుగురు మనుమలను మింగింది నీ రోగమే కొడుకా... ఏ పాపం లేనిదాన్ని గొడ్డుదని నేను దిట్టితి కొడుకా... ఇరువై ఏండ్లు దిట్టితి కొడుకా... అది నోరెత్తలే కొడుకా... నీ తప్పు దాని నెత్తిన వెట్టి నేను వాడంత దిరిగితి కొడుకా..."

పాస్టరయ్య చేతిలో పుస్తకం అలాగే ఉంది. గుసగుసలాడిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముసలమ్మ ఆగలేదు. ఒకసారి అని ఊరుకోలేదు, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది, వెనకనున్న వాళ్లకు కూడా వినపడేటట్టు. దగ్గుతూ, రొమ్ము బాదుకుంటూ, మూడోసారి ఎత్తుకోబోయింది.

అప్పుడు గోడ వార నుంచి ఆమె లేచింది. ఆడవాళ్లు దారి ఇచ్చారు. వెళ్లి అత్త పక్కన కూర్చుని, రొమ్ము బాదుకుంటున్న ఆ రెండు చేతులూ పట్టుకుని ఒళ్లోకి తీసుకుంది.

"ఇగ చాలు అత్తా," అంది. "ఇన్నరు. అందరు ఇన్నరు."